బ్రెడ్ మెషిన్‌లో తియ్యటి బన్ను పిండి

మైదాలో పంచదార, వెన్న లేదా నెయ్యి, పాలు, చాలాసార్లు గుడ్డు కూడా చేర్చి ఈస్ట్‌తో పొంగించే మెత్తని ముద్దను తియ్యటి ఈస్ట్ పిండి అంటారు. బేకరీల్లో దీన్నే బన్ను పిండి అని పిలుస్తారు. మామూలు బన్ను, కొబ్బరి బన్ను, క్రీమ్ బన్ను, దిల్‌పసంద్ అన్నీ ఈ పిండి రూపాలే. దీన్ని కలిపి, పిసికి, పొంగించే పనులన్నీ ఒకే గిన్నెలో చేసిపెట్టే విద్యుత్ పరికరం బ్రెడ్ మెషిన్. దాన్ని పిండి వరకే వాడుకుని, ఆ తరువాత ఉండలు చేతితో చుట్టి, ఓవెన్‌లో విడిగా కాల్చుకోవడం తియ్యటి రొట్టెలకు బాగా కుదిరే పద్ధతి.

ఈ పిండి విజయం ప్రధానంగా నీటి మీద ఆధారపడుతుంది. పంచదార నీటిని పట్టుకుంటుంది, పండు నీటిని తెస్తుంది, వేడి ఆ నీటిలోని ఈస్ట్‌ను తొందరపెడుతుంది. ఈ మూడూ ఒకేసారి ఎదురయ్యే చోటు నూజివీడు మామిడి ప్రాంతం. అందుకే ఈ వ్యాసం ఆ ప్రాంతంలోని రెడ్డిగూడెం పరిసరాల పండు, పాలు, ఎండలను లెక్కలోకి తీసుకుని ఈ పద్ధతిని వివరిస్తుంది.

పిండి స్వభావం

మైదాకు నీళ్ళు తగలగానే అందులోని గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే మాంసకృత్తులు కలిసి గ్లూటెన్ అనే సాగే వల ఏర్పడుతుంది. పిసికే కొద్దీ ఆ వల బిగుస్తుంది. ఈస్ట్ విడుదల చేసే కార్బన్ డయాక్సైడ్ ఆ వలలో చిక్కుకుని పిండి పొంగుతుంది. పిండి, నీళ్ళు, ఉప్పు, ఈస్ట్ మాత్రమే ఉన్న రొట్టెలో ఈ పని సాఫీగా సాగిపోతుంది. తీపి, కొవ్వు చేరేసరికి రెండు అడ్డంకులు వస్తాయి. పంచదార నీటి కోసం గ్లూటెన్‌తో పోటీపడుతుంది. కొవ్వు మాంసకృత్తుల చుట్టూ పొరలా పట్టి వల త్వరగా అల్లుకోనివ్వదు. అందుకే తియ్యటి పిండిని ఎక్కువసేపు పిసకాలి. చేతితో అయితే పావుగంట నుంచి అరగంట దాకా శ్రమ. యంత్రం అక్కరకొచ్చేది ఇక్కడే.

బేకరీ వాళ్ళు ప్రతి సరుకునూ మైదా బరువుతో పోల్చి శాతంలో చెబుతారు. మైదాను 100గా తీసుకుంటే మామూలు రొట్టెలో పంచదార 0 నుంచి 5 శాతం, తియ్యటి పిండిలో 10 నుంచి 20 శాతం దాకా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని బ్రియోష్‌లో వెన్న 50 శాతం దాటడమూ మామూలే. మన బన్నులో కొవ్వు సాధారణంగా 8 నుంచి 15 శాతం మధ్య ఉంటుంది.

పంచదారకూ ఈస్ట్‌కూ ఉన్న లంకె

రొట్టె ఈస్ట్ అంటే శాకరోమైసిస్ సెరివిసియే అనే ఏకకణ శిలీంధ్రం. దాని కణగోడ దగ్గర ఇన్వర్టేజ్ అనే ఎంజైము ఉంటుంది. అది పంచదారను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. ఆ రెంటినీ ఈస్ట్ తింటుంది. కాబట్టి కొద్దిపాటి పంచదార ఈస్ట్‌కు బలం. మైదాలో 5 శాతం దాకా పొంగు వేగంగా ఉంటుంది. 10 శాతం దాటాక పరిస్థితి తిరగబడుతుంది. ఆవకాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టే, చిక్కని చక్కెర ద్రవం ఈస్ట్ కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది. కణం ముడుచుకుపోయి నెమ్మదిస్తుంది. పిండి పొంగదని కాదు, ఆలస్యంగా పొంగుతుంది.

దీనికి మూడు విరుగుళ్ళు వాడుకలో ఉన్నాయి. ఒకటి, ఈస్ట్ మోతాదు పెంచడం: మామూలు రొట్టెకు పొడి ఈస్ట్ 1 శాతం వేస్తే తియ్యటి పిండికి ఒకటిన్నర శాతం వేస్తారు. రెండు, తీపిని తట్టుకునేలా ఎంచి పెంచిన ఈస్ట్ రకం వాడటం. ఫ్రాన్స్‌కు చెందిన లెసాఫ్ర్ సంస్థ సాఫ్ ఇన్‌స్టంట్ గోల్డ్ పేరుతో అమ్మేది ఇలాంటిదే. మూడు, ఓపిక పట్టడం. గంటలో రెట్టింపు కాని పిండి గంటన్నరలో అవుతుంది. యంత్రం గడియారాన్ని చూసి ఆపుతుంది తప్ప పిండిని చూసి ఆపదు కాబట్టి ఈ మూడో విరుగుడు మనిషి చేతిలోనే ఉంది.

ముడి సరుకులు

మన మైదాలో మాంసకృత్తులు సాధారణంగా 10 శాతం అటూ ఇటూగా ఉంటాయి. అమెరికాలో రొట్టెల కోసమే అమ్మే పిండిలో 12 నుంచి 13 శాతం ఉంటాయి. అందుకే అక్కడి కొలతల్ని యథాతథంగా ఇక్కడ వాడితే ముద్ద జావగా తేలుతుంది. నీళ్ళు కొంత తగ్గించి మొదలుపెట్టడం మేలు. గోధుమపిండి కలిపితే లెక్క తిరగబడుతుంది. చక్కీలో ఆడిన పిండిలో తవుడూ, రాళ్ళ ఒత్తిడికి దెబ్బతిన్న స్టార్చీ ఎక్కువ. రెండూ నీటిని బాగా పీలుస్తాయి. మైదాలో పావు వంతు దాకా గోధుమపిండి కలిపినా బన్ను మెత్తదనం చెడదు.

మరగని పాలలో ఉండే కొన్ని మాంసకృత్తులు గ్లూటెన్‌ను బలహీనపరుస్తాయి. అందుకే పాశ్చాత్య వంట పుస్తకాలు పాలను కాచి చల్లార్చి వాడమని ప్రత్యేకంగా చెబుతాయి. పొద్దున్నే పాలు కాచిపెట్టే తెలుగు ఇంట్లో ఆ పని ముందే అయిపోయి ఉంటుంది. గేదె పాలల్లో కొవ్వు ఎక్కువ, నీళ్ళు సుమారు 83 శాతం. ఆవు పాలల్లో నీళ్ళు 87 శాతం.

వెన్నలో ఆరో వంతు దాకా నీళ్ళుంటాయి, నెయ్యిలో ఉండవు. 50 గ్రాముల వెన్న బదులు నెయ్యి వాడాలంటే 40 గ్రాములు చాలు, తగ్గిన నీటికి రెండు చెంచాల పాలు చేర్చాలి. గుడ్డు వద్దనుకునే ఇళ్ళలో ఒక గుడ్డుకు బదులు 40 గ్రాముల పాలు చేరుస్తారు. మెత్తదనం కోసం అందులో సగం పెరుగైనా పర్వాలేదు.

బెల్లం వాడితే రంగూ రుచీ పెరుగుతాయి. కానీ వేడి పాలల్లో బెల్లం వేస్తే విరుగుతాయని పరమాన్నం వండే ప్రతి ఒక్కరికీ తెలుసు. కాబట్టి కొద్ది నీళ్ళలో బెల్లం కరిగించి, వడగట్టి, చల్లార్చి పోయాలి. ఆ నీళ్ళు కూడా మొత్తం ద్రవంలో భాగమే.

ఉప్పు మానకూడదు. మైదాలో ఒకటిన్నర శాతం ఉప్పు గ్లూటెన్‌ను బిగించి, ఈస్ట్‌ను అదుపులో ఉంచి, తీపిని మొహం మొత్తకుండా నిలబెడుతుంది.

యంత్రం

బ్రెడ్ మెషిన్ లోపల అంటుకోని పూత వేసిన గిన్నె, దాని అడుగున తిరిగే చిన్న తెడ్డు, తెడ్డును తిప్పే మోటారు, గిన్నె చుట్టూ వేడి తీగ, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్, వీటన్నింటినీ నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటాయి. ఇళ్ళలో వాడే యంత్రాల్లో అరకిలో నుంచి కిలో రొట్టె దాకా తయారవుతుంది. పిండి వరకే చేసే 'డో' మీట నొక్కితే చాలా నమూనాల్లో సుమారు గంటన్నర పడుతుంది. అందులో కలపడం, పిసకడం 20 నుంచి 30 నిమిషాలు, మిగతాది గోరువెచ్చని గిన్నెలో పొంగడం. 'స్వీట్' అని ఉండే మీట రొట్టెను యంత్రంలోనే కాల్చడానికి. పంచదార తొందరగా మాడుతుంది కాబట్టి అందులో వేడి తక్కువ.

సరుకులు వేసే వరస తయారీదారును బట్టి మారుతుంది. చాలా యంత్రాల్లో ద్రవాలు అడుగున, మైదా పైన, ఈస్ట్ అన్నింటికన్నా పైన. పానసోనిక్ నమూనాలు కొన్నింటిలో ఈస్ట్ అడుగున, నీళ్ళు చివర. వరస ఏదైనా ఉద్దేశం ఒక్కటే: తెడ్డు తిరిగేదాకా ఈస్ట్‌కు తడీ ఉప్పూ తగలకుండా చూడటం. ఎండుఫలాలు వేయాల్సిన వేళకు యంత్రం ఈల వేస్తుంది. అంతకుముందే వేస్తే తెడ్డు వాటిని నలిపేస్తుంది.

చరిత్ర

పిండి పిసికే యంత్రాలు పరిశ్రమలో 19వ శతాబ్దం నుంచే ఉన్నాయి. ఇంటికి సరిపడే పూర్తి ఆటోమేటిక్ యంత్రం జపాన్‌లో పుట్టింది. మత్సుషితా ఎలక్ట్రిక్, అంటే నేటి పానసోనిక్, 1980ల మధ్యలో దీన్ని తయారుచేయబోతే రొట్టె పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోయేది. ఆ సంస్థలో సాఫ్ట్‌వేర్ పనిచేసే ఇకుకో తనాకా, ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌లోని రొట్టెల నిపుణుడి దగ్గర చేరి పిండి పిసకడం నేర్చుకున్నారు. ఆయన పిండిని లాగడంతోపాటు మెలితిప్పుతున్నాడని గమనించారు. ఆ మెలికను యంత్రంలోకి తేవడానికి గిన్నె లోపలి గోడలకు ప్రత్యేకమైన గట్లు అమర్చారు. 1987లో 'హోమ్ బేకరీ' పేరుతో యంత్రం మార్కెట్లోకి వచ్చింది. చేతిలో ఉన్న నేర్పు యంత్రంలోకి ఎలా ప్రవహిస్తుందో చెప్పడానికి నొనాకా, టకెయుచి 1995లో రాసిన నిర్వహణ శాస్త్ర గ్రంథం ఈ ఉదంతాన్నే ఎంచుకుంది.

తియ్యటి రొట్టె మీద జపాన్ మక్కువకు అప్పటికే వందేళ్ళ చరిత్ర ఉంది. టోక్యోలోని కిమురయా దుకాణం తియ్యటి చిక్కుడు ముద్ద నింపిన 'అన్‌పాన్' బన్నును 1875లో మెయిజీ చక్రవర్తికి సమర్పించింది. మైదాలో కొంత భాగాన్ని నీళ్ళతో 65 డిగ్రీల సెల్సియస్ దాకా గంజిలా ఉడికించి పిండిలో కలిపే పద్ధతి తూర్పు ఆసియా బేకరీల్లో విస్తరించింది. ఉడికిన స్టార్చ్ ఎక్కువ నీటిని బంధించి ఉంచుతుంది కాబట్టి బన్ను రోజుల తరబడి మెత్తగా నిలుస్తుంది. స్వీడన్‌లో యాలకుల బన్ను, యూదుల హల్లా, ఇటలీ పానెట్టోనె, పోర్చుగల్ మాసా సొవాదా తియ్యటి ఈస్ట్ పిండి కుటుంబంలోని మరికొన్ని పేర్లు.

యంత్రం 1990లలో అమెరికా ఇళ్ళలోకి విరివిగా చేరింది. అదే దశాబ్దం చివర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు తెలుగువారు పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్ళారు. రొట్టెతో పాటు చపాతీ పిండి కలపడానికీ ఈ పరికరం వారికి పనికొచ్చింది. ఇండియాలో కెంట్ వంటి సంస్థలు ఆటా పిండినీ రొట్టెనూ రెంటినీ చేసే యంత్రంగా దీన్ని అమ్ముతున్నాయి.

తెలుగునాట తియ్యటి రొట్టెలు

తెలుగు నేల మీద ఈస్ట్ రొట్టె రెండు దారుల్లో స్థిరపడింది. ఒకటి హైదరాబాదు దారి. పాలు, నెయ్యి, కుంకుమపువ్వు చేర్చి తందూరులో కాల్చే శీర్మాల్, ఇరానీ హోటళ్ళలో చాయ్‌తో ఇచ్చే బన్ మస్కా, రొట్టె ముక్కల్ని నేతిలో వేయించి పాకంలో, పాలల్లో నానబెట్టే డబల్ కా మీఠా ఈ దారిలోవి. రెండోది బెంగళూరు దారి. అక్కడి చిక్‌పేటలో 1898లో మొదలైన బీబీ బేకరీతో అయ్యంగార్ బేకరీల సంప్రదాయం ఆరంభమైంది. దాని పేరూ పద్ధతులూ ఆంధ్ర పట్టణాల దాకా వచ్చాయి. బస్టాండుల దగ్గరి బేకరీల బోర్డుల మీద అయ్యంగార్ పేరు నేటికీ కనిపిస్తుంది.

ఆ సంప్రదాయం నుంచి వచ్చిన దిల్‌పసంద్ తియ్యటి పిండికి చక్కని ఉదాహరణ. బన్ను పిండిని రెండు పలుచని చక్రాలుగా ఒత్తి, మధ్యలో పచ్చికొబ్బరి కోరు, పంచదార, యాలకుల పొడి, టుటీఫ్రూటీ పరిచి, అంచులు మూసి కాల్చి, ముక్కలుగా కోస్తారు. టుటీఫ్రూటీ చాలావరకు పచ్చి బొప్పాయి ముక్కలే. పచ్చి బొప్పాయిలో పపైన్ అనే ఎంజైము గ్లూటెన్‌ను ముక్కలు చేస్తుంది. కానీ ముక్కల్ని ఉడికించి పాకం పట్టించేసరికి ఆ ఎంజైము నశిస్తుంది కాబట్టి పిండికి హాని ఉండదు. అనాస పండుకూ ఇదే సూత్రం: పచ్చిగా వద్దు, ఉడికించి వేయాలి.

రొట్టె పిండిని బలపరచడానికి గతంలో వాడిన పొటాషియం బ్రోమేట్‌ను ఇండియాలో 2016లో నిషేధించారు. ఇంటి పిండిలో అలాంటి రసాయనాల అవసరమే లేదు. తగినంత పిసికితే చాలు.

మామిడి ప్రాంతం

రెడ్డిగూడెం ఎన్టీఆర్ జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగేదాకా కృష్ణా జిల్లాలో ఉండేది. అదే విభజనలో నూజివీడు ఏలూరు జిల్లాకు వెళ్ళింది. జిల్లాలు వేరైనా తోటలు ఒకటే. నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, రెడ్డిగూడెం, మైలవరం, ఎ.కొండూరు, తిరువూరు మీదుగా మామిడి తోటలు బారులు తీరి ఉంటాయి. కాయ విజయవాడ పక్కనున్న నున్న మార్కెట్‌కు చేరి, అక్కడి నుంచి ఉత్తరాది నగరాలకు వెళుతుంది. బంగినపల్లి, చిన్న రసం, పెద్ద రసం, కలెక్టర్‌గా పిలిచే తోతాపురి ఇక్కడి ముఖ్యమైన రకాలు. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

పిండిలో కలపడానికి అన్ని రకాలూ ఒకలా పనికిరావు. రసాలు పేరుకు తగ్గట్టే పిండుకుని జుర్రుకునే పళ్ళు. నీరూ పీచూ ఎక్కువ. వాటి గుజ్జును తప్పనిసరిగా వడగట్టాలి, ఎక్కువసేపు మగ్గించాలి. బంగినపల్లికి పీచు లేదు, కండ గట్టిది, గుజ్జు చిక్కన. పిండికి ఇదే అనువైనది. కలెక్టర్ గుజ్జుకు రంగు బాగుంటుంది, వాసన తక్కువ. చిత్తూరు జిల్లా కర్మాగారాల్లో డబ్బాల్లో నింపే గుజ్జు చాలావరకు ఈ రకానిదే. సీజను కాని రోజుల్లో అది ఆదుకుంటుంది. డబ్బా మీద పంచదార కలిపినట్టు ఉంటే ఆ మేరకు పిండిలో తగ్గించాలి.

నీటి లెక్క

మామూలు తియ్యటి పిండికి ఒక నమ్మకమైన కొలత ఇది: మైదా 400 గ్రాములు, పంచదార 60, మెత్తబడిన వెన్న 50, కాచి చల్లార్చిన గేదె పాలు 180, గుడ్డు ఒకటి (పెంకు లేకుండా 50), ఉప్పు 6, పొడి ఈస్ట్ 6 గ్రాములు. ఇందులో అసలు నీళ్ళు ఎన్నో చూద్దాం. పాలల్లో సుమారు 150, గుడ్డులో 38, వెన్నలో 8, మొత్తం 196 గ్రాములు. మైదా బరువులో దాదాపు సగం. పంచదార 15 శాతం.

ఇప్పుడు మామిడి చేర్చాలి. పండిన మామిడి గుజ్జులో 83 శాతం నీళ్ళు, 14 శాతం చక్కెరలు. 250 గ్రాముల గుజ్జు తీసుకుంటే నీళ్ళే 208 గ్రాములు. అంటే పై కొలతలో పాలు, గుడ్డు, వెన్న కలిసి ఇచ్చే నీళ్ళకన్నా ఎక్కువ. పచ్చి గుజ్జును పాలతో పాటు పోసేస్తే ముద్ద కట్టకపోవడానికి కారణం ఇదే. అది చూసి మైదా గుప్పెళ్ళకొద్దీ కలిపితే ఉప్పు, ఈస్ట్, కొవ్వుల పాళ్ళన్నీ చెదిరి బన్ను చప్పగా, గట్టిగా తయారవుతుంది.

సరైన దారి గుజ్జును ముందే మగ్గించడం. అడుగు మందం ఉన్న గిన్నెలో 250 గ్రాముల గుజ్జు పోసి, సన్నని సెగ మీద అడుగంటకుండా గరిటె తిప్పుతూ ఉండాలి. మొదట చిన్న చిన్న బుడగలు గలగలా లేస్తాయి. తరువాత బుడగలు తగ్గి, బరువుగా, అడపాదడపా పగులుతూ చిందుతాయి. గరిటెతో గీత గీస్తే గిన్నె అడుగు ఒక క్షణం కనబడి మళ్ళీ మూసుకుపోయే దశలో దించాలి. తూకం వేస్తే 160 గ్రాముల దగ్గర ఉండాలి. 90 గ్రాముల నీరు ఆవిరైంది, సుమారు 118 గ్రాముల నీరు మిగిలింది, 35 గ్రాముల చక్కెర అలాగే ఉంది. ఈ వేడికి పండులోని ఎంజైములు కూడా నశిస్తాయి. గుజ్జును పూర్తిగా చల్లార్చి, ఫ్రిజ్‌లో ఉంచి వాడాలి.

ఇప్పుడు మామిడి పిండి కొలత: మైదా 400 గ్రాములు, మగ్గించిన గుజ్జు 160, గేదె పాలు 40, గుడ్డు ఒకటి, వెన్న 50, పంచదార 25, ఉప్పు 6, ఈస్ట్ 6 గ్రాములు. నీళ్ళు గుజ్జు నుంచి 118, పాల నుంచి 33, గుడ్డు నుంచి 38, వెన్న నుంచి 8: మొత్తం 197. చక్కెర పండులోది 35, పైన వేసింది 25: మొత్తం 60. రెండూ మామూలు పిండితో దాదాపు సరిపోయాయి. పండు ఎంత నీరు తెచ్చిందో పాలల్లో అంత తగ్గించాం, ఎంత తీపి తెచ్చిందో పంచదారలో అంత తగ్గించాం. సపోటా, అరటి, గుమ్మడి, ఏది వేసినా ఇదే లెక్క.

మగ్గిన గుజ్జులో పచ్చి పండు పరిమళం కొంత పోతుంది. దాన్ని తిరిగి తేవడానికి మామిడి తాండ్ర మంచి ఉపాయం. తాండ్రలో నీరు చాలా తక్కువ, రుచి చిక్కన. చిన్న ముక్కలుగా కోసి, ఒకదానికొకటి అంటుకోకుండా చెంచాడు మైదాలో దొర్లించి, యంత్రం ఈల వేశాక 60 గ్రాముల దాకా వేస్తే పిండి తడవదు. కాలిన బన్నులో పుల్లటి, తియ్యటి ముక్కలు విడివిడిగా పంటికి తగులుతాయి. అర చెంచా యాలకుల పొడి ఈ రుచికి తోడు.

వేసవి వేడి

మామిడి పండే నెలలే ఇక్కడ నిప్పులు చెరిగే నెలలు. రోహిణి కార్తెలో వంటింటి వేడి 38 డిగ్రీలు దాటడం మామూలు. ఈస్ట్ పిండి పిసకడం ముగిసేసరికి 26 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. అంతకన్నా వేడెక్కితే పొంగు తొందరపడి, పులుపు వాసన వచ్చి, గ్లూటెన్ జారిపోతుంది. వెన్న కరిగి పిండి నూనె కక్కుతుంది.

దీన్ని ముందే లెక్కగట్టడానికి బేకరీలకు ఒక సూత్రం ఉంది. కావలసిన ఉష్ణోగ్రతను మూడుతో గుణించి, అందులోంచి గది వేడి, మైదా వేడి, పిసికే రాపిడి వల్ల పెరిగే వేడి తీసివేస్తే ద్రవం ఎంత చల్లగా ఉండాలో తెలుస్తుంది. గది 38, మైదా 36, రాపిడి 6 డిగ్రీలనుకుంటే, 27ను మూడుతో గుణించగా వచ్చే 81లోంచి 80 పోయి మిగిలేది 1 డిగ్రీ. అంటే పాలు, గుజ్జు దాదాపు మంచులా ఉండాలి. మైదానే రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి 10 డిగ్రీలకు తెస్తే, ద్రవం 27 డిగ్రీలున్నా సరిపోతుంది. ద్రవం తక్కువగా ఉండే మామిడి పిండికి రెండో పద్ధతే మెరుగు. గుజ్జునూ చల్లగా వేస్తే మరీ మంచిది.

కొన్ని యంత్రాలు మొదట సరుకుల్ని వెచ్చబెట్టి, ఆ తరువాతే తెడ్డు తిప్పుతాయి. చలి దేశాల కోసం చేసిన ఏర్పాటు అది. వేసవిలో ఆ దశ లేని మీటను ఎంచుకోవాలి. పిసకడం వరకు యంత్రంలో చేసి, పొంగే దశకు పిండిని తీసి మూతగిన్నెలో పెట్టి, ఫ్రిజ్‌లో రాత్రంతా నెమ్మదిగా పొంగనివ్వడం ఈ కాలానికి అన్నిటికన్నా భద్రమైన దారి. చల్లటి పిండి ఉండలు చుట్టడానికీ తేలిక, నిదానంగా పులిసినందుకు రుచీ ఎక్కువ.

మూత ఎత్తి చూడటం

తెడ్డు తిరగడం మొదలైన ఐదో నిమిషం నుంచి పదో నిమిషం దాకా మూత ఎత్తి చూడాలి. పిసికే దశలో మూత తీస్తే నష్టమేమీ లేదు. మొదట మైదా పొడిపొడిగా, ముద్దలు ముద్దలుగా కనిపిస్తుంది. ఐదు నిమిషాలకు ఒకే ముద్దగా చేరాలి. తియ్యటి పిండి ఈ దశలో కాస్త జిగటగా, గిన్నె అడుగున మరకలా అంటుకుంటూ ఉంటుంది. అది చూసి మైదా వేయకూడదు. పంచదార కరిగే కొద్దీ పిండి ఇంకా వదులవుతుంది, గ్లూటెన్ అల్లుకున్నాక మళ్ళీ బిగుస్తుంది. పదో నిమిషానికి ముద్ద గోడల్ని వదిలి, అడుగున మాత్రం కొద్దిగా అంటుకుని, పైన మృదువుగా మెరవాలి. వేలితో తాకితే చల్లగా, చెవి తమ్మె అంత మెత్తగా ఉండాలి.

అప్పటికీ గోడలకు పూసుకుపోతుంటే మైదా ఒక్కో చెంచా, ముద్ద గట్టిగా కొట్టుకుంటూ మోటారు మూలుగుతుంటే పాలు ఒక్కో చెంచా చేర్చి, నిమిషం ఆగి మళ్ళీ చూడాలి. వెన్న 12 శాతం దాటితే మొదటే వేయకుండా, ముద్ద కట్టాక ఈ దశలోనే ముక్కలుగా చేర్చడం మంచిది. పిసకడం పూర్తయ్యాక చిన్న ముక్క తీసి వేళ్ళతో మెల్లగా సాగదీస్తే, చిరగకుండా వెలుతురు కనిపించేంత పలుచని పొరగా రావాలి. రాకపోతే యంత్రాన్ని ఆపి, మీట మళ్ళీ మొదటినుంచి నొక్కి మరో పది నిమిషాలు పిసికించాలి.

పిండి దిగాక

రెట్టింపైన పిండిని తీసి, గాలి మెల్లగా అణిచి, 50 గ్రాముల ఉండలు చేస్తే పై కొలతకు పద్నాలుగు బన్నులు వస్తాయి. పళ్ళెంలో ఎడం ఎడంగా పేర్చి, తడిబట్ట కప్పి రెండోసారి పొంగనివ్వాలి. వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా పూడుతుంటే కాల్చే వేళ అయిందన్నమాట. పైన పాలు లేదా గిలకొట్టిన గుడ్డు రాసి, ముందే వేడెక్కిన ఓటీజీ ఓవెన్‌లో 180 డిగ్రీల వద్ద 15 నుంచి 18 నిమిషాలు కాల్చాలి. చక్కెర, మాంసకృత్తులు కలిసి రంగు తొందరగా వస్తుంది. పైన ముదురుతుంటే రేకు కప్పాలి. బన్ను లోపల వేడి 88 నుంచి 90 డిగ్రీలకు చేరితే ఉడికినట్టు.

తీపి, కొవ్వు ఉన్నందున ఈ బన్నులు మామూలు రొట్టె కన్నా నిదానంగా గట్టిపడతాయి. కానీ తేమ గాలిలో రెండు మూడు రోజులకే బూజు పడుతుంది. ఫ్రిజ్‌లో పెడితే త్వరగా గట్టిపడతాయి. ఎక్కువ రోజులు ఉంచాలంటే ఫ్రీజర్ మేలు.

లోపాలు, కారణాలు

పిండి అసలు పొంగకపోతే ఈస్ట్ పాతది అయి ఉండాలి, లేదా పాలు బాగా వేడిగా ఉన్నప్పుడే పోసి ఉండాలి. 55 డిగ్రీలు దాటితే ఈస్ట్ చనిపోతుంది. పొంగు ఆలస్యమైతే తీపి ఎక్కువైంది, సమయం ఇస్తే సరిపోతుంది. పొంగి కుంగిపోతే వేడి గానీ నీరు గానీ ఎక్కువైంది. బన్ను పొడిపొడిగా రాలిపోతుంటే మైదా ఎక్కువ పడింది లేదా పిసకడం చాలలేదు. పుల్లటి, సారా వాసన వస్తే పొంగాల్సినదానికన్నా ఎక్కువసేపు ఉంచారు. వీటిలో నీరు, మైదా ఎక్కువతక్కువల వల్ల వచ్చేవి మూత ఎత్తి చూసే ఆ మొదటి పది నిమిషాల్లోనే సరిదిద్దదగినవి.

కరెంటు, జాగ్రత్తలు

అమెరికా నుంచి తెచ్చిన యంత్రం 120 వోల్టులకు తయారైంది. ఇక్కడి 230 వోల్టుల ప్లగ్గుకు నేరుగా పెడితే కాలిపోతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అయినా అది కరెంటు పౌనఃపున్యాన్ని 50 నుంచి 60 హెర్ట్జ్‌కు మార్చలేదు కాబట్టి కొన్ని మోటార్లు నెమ్మదిగా తిరుగుతాయి. కరెంటు పోయినప్పుడు కొన్ని యంత్రాలు కొద్ది నిమిషాలపాటు ఎక్కడ ఆగాయో గుర్తుంచుకుంటాయి, మరికొన్ని మొదటికి వస్తాయి. పొంగే దశలో పోతే కంగారు అక్కర్లేదు, పిండి గిన్నెలో దానంతటదే పొంగుతుంది.

రాత్రి వేసి తెల్లవారాక తిరిగేలా పెట్టే టైమర్‌ను ఈ పిండికి వాడకూడదు. పాలు, గుడ్డు, పండు గుజ్జు గంటలకొద్దీ వేడి వంటింట్లో ఉంటే పాడవుతాయి. అలాంటి సౌకర్యం మంచినీళ్ళతో కలిపే మామూలు రొట్టెకే పరిమితం.

ప్రాముఖ్యం

మార్కెట్‌కు పోని కాయ ప్రతి తోటలోనూ మిగులుతుంది. గాలివానకు రాలినది, మచ్చ పడినది, ఒక్కసారిగా మాగినది. అందులో కొంత ఊరగాయకు, కొంత తాండ్రకు పోతుంది. మాగిన పండును గుజ్జుగా మగ్గించి, 160 గ్రాముల పొట్లాలుగా ఫ్రీజర్‌లో పెట్టుకుంటే ఏడాది పొడుగునా ఇంటి బన్నుకు అక్కరకొస్తుంది. ఇందుకు యంత్రం చేసే సాయం చిన్నది కాదు. పిసకడంలోని శ్రమను అది పూర్తిగా తీసుకుంటుంది. కానీ అందులో ఏ పండు పడిందో, ఆ రోజు ఎండ ఎంతో, పాలు ఏ పశువువో దానికి తెలియదు. ఎక్కడో చలి దేశంలో రాసిన కొలత ఇక్కడ కుదరకపోతే తప్పు పిండిదీ కాదు, చేసినవారిదీ కాదు. నీటినీ తీపినీ వేడినీ తూచుకోవడం నేర్చుకున్న ఇల్లు తన తోటలో ఏ పండు పండితే దానికి తానే కొలత రాసుకోగలదు.